మావయ్య, గురువారం, ఇస్పేటు రాణి

మా పెద్ద మావయ్య గురువారం అనలేడు.

ఆ మాటకొస్తే ఏ వారమూ అనలేడు. "మావయ్యా, ఇవాళ ఏ వారం?" అని అడిగితే నోరు తెరుస్తాడు, కళ్ళు పైకెత్తుతాడు, ఎడం చెయ్యి గాల్లో ఏదో పట్టుకోబోతున్నట్టు ఆడుతుంది, మాట మాత్రం రాదు. "అదే... అదే..." అని మూడు నాలుగు సార్లు అని, ఇక లాభం లేదనుకున్నాక, ఎడం చేతి వేళ్ళు ఒక్కోటీ మడుస్తూ మొదలుపెడతాడు: ఆదివారం, సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం. టక్కున ఆగుతాడు. మొహం వెలిగిపోతుంది. ఐదో వేలు నాకు చూపించి "ఇదీ" అంటాడు. ఐదు పేర్లూ ఒక్క తడబాటు లేకుండా గడగడా చెప్పిన మనిషి, అందులోంచి ఒక్కదాన్ని విడిగా బయటికి లాగలేడు.

విశాఖ కంచరపాలెంలో వాళ్ళింటి అరుగు మీద కూర్చుని ఇది మొదటిసారి చూసిన రోజు అక్కడ ఆపుకుని, బండి ఊర్వశి జంక్షన్ దాటాక ఏడ్చాను. ఇప్పటికి ఏడాదిన్నర అయింది. ఏడుపు తగ్గి ఆశ్చర్యం మిగిలింది. నేను డాక్టర్ని కాదు, నా ఉద్యోగం జీఎస్టీ లెక్కలు. కానీ మావయ్యకి ఏమైందో తెలుసుకోవాలని రాత్రిళ్ళు కూర్చుని చదివినవీ, ఆయన దగ్గర కళ్ళతో చూసినవీ కలిపి ఒకచోట రాసుకోవాలనిపించింది.

పోర్టులో క్రేన్ మీద ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ఒక పొద్దున్న పాల ప్యాకెట్లు తెచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతూ అత్తతో ఏదో అనబోయాడు. మూతి ఒక పక్కకి లాగేసింది, కుడి చేతిలోంచి ప్యాకెట్ జారి పడింది. అత్త గ్యాస్ అనుకుంది. సోడా తెప్పించింది. ఆ తర్వాత వీధి చివరున్న ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్తే ఆయన బీపీ చూసి, ఏదో ఇంజెక్షన్ పొడిచి, పడుకోబెట్టమన్నాడు. నాకు ఫోన్ వచ్చేసరికి పదకొండు దాటింది. పెద్దాసుపత్రికి చేర్చి స్కానింగ్ అయ్యేసరికి, రక్తం గడ్డని కరిగించే మందు ఇవ్వాల్సిన నాలుగున్నర గంటలూ అయిపోయాయి. ఇది ఎవర్నీ తిట్టడానికి రాయట్లేదు, తెలియకపోతే నేనూ సోడాయే తెచ్చేవాణ్ణి. కానీ మీరు మాత్రం మూతి వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినా వెంటనే 108కి కొట్టండి, ఎన్ని గంటలకి మొదలైందో గుర్తుపెట్టుకోండి, అంతే.

"ఎడమ మెదడులో రక్తనాళం మూసుకుపోయింది, దానివల్ల ఎఫేసియా" అన్నారు డాక్టర్‌గారు, అంటే మెదడు దెబ్బతిని భాష పడిపోవడం. అత్తకి అది "ఏసియా"గా మిగిలిపోయింది. పరామర్శకి ఎవరొచ్చినా "మీ మావయ్యకి ఏసియా వచ్చినాదట బాబూ" అనేది, ఆసియా ఖండం మొత్తం ఆయన నెత్తిమీద పడ్డట్టు.

కుడి చెయ్యి పడిపోతే మాట కూడా పోవడమేంటి, రెండింటికీ ఏం సంబంధం అని నాకు మొదట్లో అర్థం కాలేదు. సంబంధం ఉంది. కుడి చేతిని నడిపేది ఎడమ మెదడు. కుడిచేతివాటం వాళ్ళలో దాదాపు నూటికి 95 మందికి భాష కూడా ఎక్కువగా ఎడమవైపే ఉంటుంది. (ఎడమచేతివాటం వాళ్ళలోనూ నూటికి 70 మందికి ఎడమవైపే. "ఎడమచేతివాళ్ళకి అంతా తిరగేసి ఉంటుంది" అని మా ఆఫీసులో ఒకడు వాదిస్తాడు గానీ అది తప్పు.) ఆ రెండు చోట్లకీ రక్తం ఒకే నాళం నుంచి వెళ్తుంది. పంపు మూస్తే కాలవ పొడుగునా ఉన్న పొలాలన్నీ ఎండినట్టు.

ఇది మొదట గట్టిగా చెప్పినవాడు ఫ్రాన్స్‌లో పాల్ బ్రోకా అనే సర్జన్. 1861లో పారిస్ దగ్గర బిసేత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్ అనే రోగి ఆయన చేతికి వచ్చాడు. ఏమడిగినా "టాన్, టాన్" అనేవాడట, అందుకని ఆసుపత్రిలో అందరూ అతన్ని టాన్ అనే పిలిచేవాళ్ళు. మాట లేదు గానీ అడిగింది అర్థమయ్యేది. ఈ ఆసుపత్రిలో ఎన్నేళ్ళ నుంచి ఉన్నావని బ్రోకా అడిగితే, అరచెయ్యి నాలుగుసార్లు తెరిచి మూసి, చివర్లో ఒక్క వేలు చూపించాడు. ఇరవై ఒకటి. లెక్క సరిగ్గా సరిపోయింది. ఇది చదివినప్పుడు నేను ఆఫీసు నుంచి ఇంటికెళ్ళే బస్సులో ఉన్నాను, మావయ్య ఐదో వేలు కళ్ళముందు కదిలింది. టాన్ కొద్ది రోజుల్లోనే చనిపోయాడు, బ్రోకా అతని మెదడు తీసి చూస్తే ఎడమవైపు ముందు భాగంలో, కణత పైన అనుకోవచ్చు, పెద్ద గాయం. ఆ చోటుకి ఇప్పటికీ బ్రోకా పేరే.

దానికి పూర్తిగా తిరగేసిన మనిషిని నేను ఆసుపత్రిలో మావయ్య పక్క మంచం మీద చూశాను. ఆయన ఆగకుండా మాట్లాడేవాడు. మూసిన తలుపు అవతలి నుంచి వింటే ఎవరో పెద్దాయన పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుతున్నాడనుకుంటాం. రాగం తెలుగుదే, విరుపులు తెలుగువే, "అంటే ఏంటంటే", "అదీ సంగతి" కూడా సరిగ్గా పడేవి, మధ్యలో ఉండాల్సిన సరుకు మాత్రం లేదు. ఉన్నవి సగం మాటలు ఏ భాషలోవీ కావు. మనం చెప్పేది ఆయనకి అందేది కాదు, పైగా తను చెప్పేది అర్థం కావట్లేదన్న సంగతీ ఆయనకి తెలీదు, మనం తెల్లమొహం వేస్తే విసుక్కునేవాడు. ఈ రకాన్ని 1874లో జర్మన్ డాక్టర్ కార్ల్ వెర్నికె వర్ణించాడు, అప్పటికి ఆయన వయసు 26. గాయం చెవి పైన, కొంచెం వెనక్కి ఉంటుంది. మావయ్యకి మాట తక్కువ, అర్థం ఎక్కువ. పక్కాయనకి మాట ఎక్కువ, అర్థం తక్కువ. రెండు మంచాల మధ్య ఒక సెలైన్ స్టాండు.

ఇక్కడితో ఆగితే "ముందు భాగం మాట్లాడుతుంది, వెనక భాగం అర్థం చేసుకుంటుంది" అని పాఠ్యపుస్తకం బొమ్మలా ముగిసిపోతుంది. నేనూ చాలా రోజులు అదే అనుకున్నాను. అయితే టాన్ మెదడుని పారిస్‌లో ఇన్నేళ్ళూ దాచే ఉంచారు, దాన్ని ఎంఆర్‌ఐ తీసి 2007లో ప్రచురించారు. గాయం బ్రోకా పైనుంచి చూసినదానికంటే చాలా లోతుకి వెళ్ళింది, దూరదూరంగా ఉన్న భాగాలని కలిపే తీగల కట్టలు కూడా తెగిపోయాయి. అంటే పోయింది ఒక్క గది కాదు, గదుల మధ్య వరండా కూడా. ఇప్పుడు శాస్త్రవేత్తలు భాష అంటే ఒక చోటు అనరు, ఎడమవైపు ముందూ వెనకా పరుచుకుని, కుడివైపు సాయం కూడా తీసుకునే ఒక అల్లిక అంటారు. మన జాలరిపేట వాళ్ళకి చెప్తే నాకంటే ముందు అర్థమవుతుంది. వలకి ఎక్కడో ఒకచోట చిరుగు పడితే చేప ఇంకెక్కడి నుంచో జారుతుంది.

ఇక అసలు నాకు కోపం తెప్పించిన మాట దగ్గరికి వస్తాను. ఇంటికి తెచ్చాక చూడ్డానికి వచ్చినవాళ్ళలో పది మందిలో తొమ్మిది మంది అన్నదొకటే: "పాపం, చిన్నపిల్లాడైపోయాడు." అని ఊరుకుంటే బాగుండు, అలాగే మాట్లాడేవాళ్ళు. "ఏం బాబూ, బువ్వ తిన్నావా, ఆం తిన్నావా?" అని చెవి దగ్గర గట్టిగా అరుస్తూ. ఈయన చెవులు శుభ్రంగా ఉన్నాయి. క్రేన్ దిగి జూనియర్లని గడగడలాడించిన మనిషి. ఆయన కళ్ళు మూసుకుని గోడ వైపు తిరిగేవాడు, వాళ్ళేమో "చూశారా, గుర్తుపట్టట్లేదు" అనుకుంటూ కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళు. అత్త కూడా ఒక రాత్రి వంటింట్లో నన్ను పట్టుకుని "నిజం సెప్పు బాబూ, ఈయన బుర్ర పోనాదా?" అని అడిగింది.

అదే సమయంలో మా ఇంట్లో మా చిన్నది మాటలు నేర్చుకుంటోంది. ఒకవైపు మాట వస్తోంది, ఇంకోవైపు మాట పోయింది, సినిమాలో అయితే ఇద్దర్నీ ఒకే ఫ్రేములో పెట్టి వీణ వాయిస్తారు. కానీ ఇద్దర్నీ దగ్గర నుంచి చూసినవాడిగా చెప్తున్నాను, పోలికే లేదు.

పిల్లల మెదడు భాష మొదలుపెట్టేది కడుపులోనే. అమ్మ గొంతు, దాని ఎత్తుపల్లాలు గోడ అవతల రేడియోలా వినబడుతూనే ఉంటాయి. పుట్టిన కొద్ది రోజుల్లోనే బిడ్డ అమ్మ గొంతుని వేరే ఆడవాళ్ళ గొంతుల్లోంచి గుర్తుపడుతుందని 1980లోనే పరీక్ష చేసి చూపించారు. ఫ్రెంచి పసిపిల్లల ఏడుపు రాగం పైకి ఎక్కుతుంది, జర్మన్ పిల్లలది పైనుంచి కిందికి దిగుతుంది, వాళ్ళ వాళ్ళ భాష పాట అలా ఉంటుంది కాబట్టి. ఇది 2009 నాటి పరిశోధన. మరి మన పిల్లలు ఏ రాగంలో ఏడుస్తారో. మాది మాత్రం తారస్థాయి.

నాకు అన్నిటికంటే నచ్చిన ప్రయోగంలో మన అక్షరాలే ఉన్నాయి. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అని ఇద్దరు, ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పసిపిల్లలకి హిందీ త, ట శబ్దాలు వినిపించారు. ఇంగ్లీషు పెద్దవాళ్ళకి ఈ రెండిటి తేడా దాదాపు వినబడదు. మా కంపెనీ ఫారిన్ క్లయింటు ముందు "తాత", "టాటా" అని చూడండి, ఒకే మాట రెండుసార్లు అన్నాననుకుంటాడు. కానీ ఆరు నుంచి ఎనిమిది నెలల ఇంగ్లీషు పిల్లలు ఆ తేడాని పట్టేశారు. పది పన్నెండు నెలల పిల్లల దగ్గరికొచ్చేసరికి పట్టేవాళ్ళు కొద్దిమందే మిగిలారు. అంటే పుట్టుకతో చెవి ప్రపంచంలో ఉన్న భాషలన్నిటికీ తెరిచే ఉంటుంది, ఏడాది తిరిగేలోపు ఇంట్లో వాడని శబ్దాలకి తలుపులు వేసుకుంటుంది. మా చిన్నదానికి "తాతకి టాటా చెప్పు" అన్న ప్రతిసారీ ఒక తలుపు తెరిచే ఉంచుతున్నామన్నమాట.

తర్వాత మాటల్ని విడదీయాలి. రాసేటప్పుడు మాటకీ మాటకీ ఖాళీ వదుల్తాం గానీ మాట్లాడేటప్పుడు ఎక్కడా ఖాళీ ఉండదు. "ఏంచేస్తున్నావిక్కడ" అని ఒకే ఊపిరి. ఇందులో మాట ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో పిల్లకి ఎవరు చెప్పారు? 1996లో అమెరికాలో ఎనిమిది నెలల పిల్లలకి అర్థంపర్థం లేని అక్షరాల దండని రెండంటే రెండు నిమిషాలు వినిపించారు. ఏ అక్షరం వెనక ఏ అక్షరం తప్పకుండా వస్తోందో, ఏది ఒక్కోసారే వస్తోందో పిల్లలు లెక్క కట్టేసుకున్నారు. నడక రాలేదు, పళ్ళు సరిగ్గా రాలేదు, లెక్కలు వచ్చేశాయి.

మాటలొచ్చాక చేసే తప్పులు ఇంకా బాగుంటాయి. మా చిన్నది రెండున్నరేళ్ళప్పుడు "నాన్నా, వాడికి ఇచ్చకు" అనేది. "ఇచ్చాను, ఇచ్చాడు, ఇచ్చింది" అన్నీ విని, "తిన్నాడు, తినకు"లాగా తనే ఒక సూత్రం కట్టుకుని "ఇచ్చకు" తయారుచేసింది. ఇల్లు ఒకటైతే రెండు "ఇల్లులు". ఈ మాటలు మా ఇంట్లో ఎవరూ అనరు, కాబట్టి విని నేర్చుకున్నవి కావు. 1958లో జీన్ బెర్కో అనే ఆవిడ ఒక ఊహాపక్షి బొమ్మ గీసి దానికి "వగ్" అని పేరు పెట్టి, ఇంకోటి గీసి, ఇప్పుడు రెండున్నాయి, ఇవేంటి అని పిల్లల్ని అడిగింది. ఎన్నడూ వినని మాటకి వాళ్ళు బహువచనం కట్టి "వగ్స్" అన్నారు. మా అమ్మ "ఇచ్చకు కాదే, ఇవ్వకు" అని దిద్దితే చిన్నది "ఊఁ, ఇచ్చకు" అని తలూపేది. తప్పని దానికి తెలీదు. ఎలా తెలుస్తుంది, తప్పుకాదు కదా, దాని సూత్రం ప్రకారం అదే రైటు.

ఇప్పుడు మావయ్య దగ్గరికి రండి. వానాకాలంలో ఒక సాయంత్రం బయటికి వెళ్ళబోతూ ఆయనకి గొడుగు కావాలి. తలుపు వెనక వేలాడుతోంది, చూపించొచ్చు, కానీ మాటతో అడగాలని పంతం. "గొ... గొ... గొడ్డలి" అన్నాడు. అనగానే ఆయనే తల కొట్టుకున్నాడు. "కాదు. వాన. వానది. చెప్పు... కాదు." అత్త పకపకా నవ్వి "గొడ్డలట్టుకుని ఎవుల్ని నరకడానికి ఎల్తావు?" అంది. ఆయనా నవ్వాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేను. చిన్నదానికి తన తప్పు తెలీదు, మావయ్యకి తన తప్పు నోట్లోంచి పడకముందే తెలుసు. గొడుగు ఏంటో తెలుసు, ఎందుకో తెలుసు, ఎవరు ఎప్పుడు ఎంతకి కొన్నారో కూడా తెలుసు. పోయింది వస్తువు కాదు, దాని పేరు దగ్గరికి వెళ్ళే దారి. "గొ" దాకా వెళ్ళి పక్క సందులోకి తిరిగాడు.

ఇది మనకీ జరుగుతుంది, రోజూ. నోట్లో నానుతోంది, రావట్లేదు అంటామే, అప్పుడు మొదటి అక్షరం తెలుస్తుంది, ఎంత పొడుగు మాటో తెలుస్తుంది, మాట రాదు. అర్థం ఒక చోట, శబ్దం ఒక చోట ఉన్నాయనడానికి ఇంతకంటే రుజువేం కావాలి. మామూలు మనిషి ఒక బొమ్మ చూసి పేరు చెప్పడానికి సుమారు సెకనులో ఆరు పదో వంతులు పడుతుంది. ఆ కాస్తలోనే వస్తువుని గుర్తుపట్టాలి, దాని చుట్టూ ఉన్న బంధువుల మాటల్ని పక్కకి నెట్టి అసలు మాటని ఎంచాలి, అక్షరాలు పేర్చాలి, నాలుక, పెదాలు, గొంతు, ఊపిరి అన్నిటికీ ఆర్డర్లు వెళ్ళాలి. విచిత్రం ఏంటంటే, కబుర్లలో ఒకరు ఆపాక ఇంకొకరు అందుకోవడానికి మధ్య ఉండే ఖాళీ సగటున సెకనులో ఐదో వంతే, పది భాషల్లో కొలిచి 2009లో చెప్పారు. పేరు తీయడానికే అంతకు మూడు రెట్లు పడుతుంటే ఇది ఎలా కుదిరింది? ఎదుటివాడు చెప్తుండగానే మనం జవాబు వండేస్తుంటాం కాబట్టి. పూర్ణా మార్కెట్‌లో బేరం ఆడేవాళ్ళని ఒక్క నిమిషం గమనించండి, వినడం మాట్లాడ్డం రెండూ ఒకేసారి జరుగుతుంటాయి. మావయ్య ఈ పందెంలోంచి బయటపడిపోయాడు. ఆయన జవాబు తయారయ్యేలోపు మనం ఇంకో ప్రశ్న వేసేస్తాం, దాంతో మొదటిది కూడా చెదిరిపోతుంది. స్పీచ్ థెరపిస్టు మాకు మొదటి రోజే చెప్పిన ఒకే ఒక్క సూత్రం: అడిగాక, పది అంకెలు లోపల లెక్కపెట్టుకుని నోరు మూసుకోండి. మా కుటుంబానికి ఇది పక్షవాతం కంటే కష్టమైంది.

మరి గురువారం రానివాడికి ఆదివారం నుంచి వరస ఎలా వస్తోంది? వారాలు ఒక్కటేనా, పాడ్యమి, విదియ, తదియ నుంచి పౌర్ణమి దాకా చెప్తాడు, రెండో ఎక్కం పాడతాడు, ఆవలిస్తే "సింహాద్రి అప్పన్నా" అని నిండుగా వస్తుంది. ఇంకోటి కూడా వస్తుంది, చెప్పడానికి మొహమాటంగా ఉంది. జీవితంలో మా ముందు ఒక్క చెడ్డ మాట అనని మనిషి, రిమోట్ పనిచెయ్యకపోతే "నీ యమ్మ కడుపు మాడ" అంటాడు, ఒక్క అక్షరం పొల్లు పోకుండా. అత్త చెవులు మూసుకునేది. టాన్ కూడా తన సైగలు ఎదుటివాళ్ళకి అర్థం కాకపోతే కోపంతో దేవుడి పేరు పెట్టి తిట్టేవాడని బ్రోకా రాశాడు. కవి బోద్లేర్‌కి 1866లో ఇలాగే మాట పడిపోతే, చివరికి మిగిలింది ఒక తిట్టు ముక్కే. లోకమంతా ఇదే తీరు. బాగా అరిగిన వరసలు, మొక్కులు, తిట్లు అప్పటికప్పుడు పేర్చుకునే వాక్యాలు కావు, అవి మొత్తంగా ఒకే ముద్దలా ఉంటాయి, వాటి దారి కొంత వేరు. మావయ్య గురువారాన్ని తీయలేడు గానీ గురువారం దాకా వెళ్ళే బస్సు ఎక్కగలడు, స్టాపు రాగానే దిగుతాడు.

పాట కూడా అంతే. ఒక కార్తీక మాసం సాయంత్రం అత్త దీపం పెట్టి కూనిరాగం తీస్తుంటే వెనకనుంచి మావయ్య అందుకున్నాడు, మాటలతో సహా. అత్త చేతిలో అగ్గిపుల్ల వేలు కాలేదాకా అలాగే ఉండిపోయింది. దీన్ని వైద్యంగా వాడొచ్చని 1973లోనే అమెరికాలో ఒక పద్ధతి కట్టారు, కావలసిన మాటని రెండు స్వరాల మీద సాగదీసి, ఎడం చేత్తో తాళం వేయిస్తూ అనిపించడం. మా థెరపిస్టు "నీ-ళ్ళు కా-వా-లి" అని తొడ మీద తట్టిస్తూ చేయించారు. కుడి మెదడు పాట ద్వారా సాయానికొస్తుందని కొందరంటారు, పాట కాదు, లయా కంఠతా వచ్చిన వరసలే అసలు సాయం అని ఇంకొందరు. వాళ్ళ గొడవ వాళ్ళు తేల్చుకుంటారు, మా ఇంట్లో మాత్రం మూడు వారాలకి నీళ్ళు కావాలి అన్న ముక్క రాగంలో వచ్చింది, ఇంకో రెండు నెలలకి రాగం రాలిపోయింది, మాట మిగిలింది.

మావయ్యది ఇచ్ఛాపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పోర్టులో హిందీ. నాలుగు నెలలప్పుడు చిన్ననాటి స్నేహితుడు ఒకాయన ఊరి నుంచి ఫోన్ చేసి ఒడియాలో బాగున్నావా అని అడిగితే "భలొ అఛి" అన్నాడు, ఆలోచించకుండా. అప్పటికి "బాగున్నాను" అని తెలుగులో అనలేకపోతున్నాడు. అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. చిన్నప్పటి భాషే గట్టిగా నిలబడుతుందని 19వ శతాబ్దంలో ఒకాయన, కాదు ఎక్కువ వాడే భాష ముందు తిరిగొస్తుందని ఇంకొకాయన సూత్రాలు రాశారు, చాలామందిలో మాత్రం అన్ని భాషలూ ఇంచుమించు కలిసే కోలుకుంటాయి. మావయ్యకి ఆ ఒక్క ఒడియా ముక్క తర్వాత ఒడియా ఏమీ ఊడిపడలేదు, అదీ తెలుగుతో పాటు మెల్లగా నడుస్తోంది. ఇక్కడ మన తెలుగు నేల మీదే జరిగిన ఒక పని చెప్పాలి. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం, స్ట్రోక్ వచ్చిన 608 మందిని చూసి 2016లో రాశారు: రెండు అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో 40.5 శాతం మందికి జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచాయి, ఒకే భాష వాళ్ళలో 19.6 శాతానికే. అయితే మాట పడిపోవడంలో ఇద్దరికీ తేడా లేదు. చదవగానే మావయ్యే గుర్తొచ్చాడు. ఆయనకి మాట పోయింది, బుర్ర పోలేదు. ఒక్క మనిషిని చూసి అంత పెద్ద లెక్కకి అంటించకూడదని తెలుసు, అకౌంటెంట్‌ని కదా, అయినా అత్తకి మాత్రం చెప్పేశాను.

అర్థం మొత్తం చెక్కుచెదరలేదని కూడా అనుకోకండి. థెరపిస్టు రెండు బొమ్మలు పెట్టారు, ఒకదాంట్లో కుక్క పిల్లిని తరుముతోంది, ఇంకోదాంట్లో పిల్లే కుక్కని తరుముతోంది. "కుక్క పిల్లిని తరిమింది" అంటే సరిగ్గా చూపించాడు. "పిల్లిని కుక్క తరిమింది" అంటే పిల్లి తరిమే బొమ్మ చూపించాడు. మనకి రెండూ ఒకటే, ఆ చిన్న "ని" అంతా చెప్పేస్తుంది, ముందొచ్చినా వెనకొచ్చినా ఒకటే. ఆయనకి ఆ "ని" జారిపోతోంది, ముందొచ్చిందే చేసినట్టు తీసుకుంటున్నాడు. కానీ "చేపని మావయ్య తిన్నాడు" అంటే ఒక్క క్షణం తడుముకోడు, చేప మావయ్యని తినదు కాబట్టి. లోకజ్ఞానం వ్యాకరణానికి కర్ర సాయం ఇస్తోంది. అప్పటినుంచి ఆయనతో చిన్న వాక్యాలు, చేసినవాణ్ణి ముందు పెట్టి మాట్లాడుతున్నాం. అరవకుండా. బువ్వ, ఆం లేకుండా.

చిన్నపిల్లల మెదడులో ఎడమవైపు పాడైతే చాలాసార్లు కుడివైపు ఆ పనంతా ఎత్తుకుంటుంది, మాటలు వస్తాయి. 67 ఏళ్ళ మెదడు అంత తేలిగ్గా మకాం మార్చలేదు. చిన్నపిల్లాడై ఉంటేనే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది.

"బుర్ర పోనాదా" అన్న అత్త ప్రశ్నకి ఆ రాత్రి నేను జవాబు చెప్పలేదు, తర్వాత పేకముక్కలు చెప్పాయి. ఆదివారం మధ్యాహ్నాలు వాళ్ళింట్లో రమ్మీ పూర్వం నుంచీ ఉన్నదే, ఆపేశాం, పాపం ఆయన ముందు ఎందుకని. ఒక రోజు ఆయనే అల్మారాలోంచి పేక తీసి నా ఒళ్ళో పడేశాడు. ఎడం చేత్తో పదమూడు ముక్కలు పట్టుకోలేడని బియ్యం చెరిగే చేట నిలబెట్టి దానికి ఆనించాం. గంటన్నర ఆడాం. నేను, మా బావ, ఎదురింటాయన, మావయ్య. నేను ఏ ముక్క ఎత్తుతున్నానో, ఏది పారేస్తున్నానో మొత్తం గుర్తుపెట్టుకుని నాకు కావలసిన ఎనిమిదిని చివరిదాకా పట్టుకుని కూర్చున్నాడు. వాక్యం కట్టలేని రోగులు కూడికలు, తీసివేతలు, బ్రాకెట్ల లెక్కలు కూడా చెయ్యగలిగారని 2005లో ఇంగ్లండ్‌లో రోజ్‌మేరీ వార్లీ బృందం చూపించింది. అది నేను తర్వాత చదివాను, ముందు డెబ్బై రూపాయలు పోగొట్టుకున్నాను.

ఆఖరి ఆటలో ముక్క ఎత్తాడు, చూశాడు, మిగతావన్నీ సర్దాడు, షో అనాలి. "ఆటీను... కాదు... డైమను... కాదు..." అని ముక్క పేరు కోసం వెతుకుతున్నాడు. అత్త "ఇస్పేటు రాణి!" అని అందించబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. అందరం పది దాకా లెక్కపెట్టుకున్నాం. పది దాటింది. ఇరవై దాటింది. "నీ యమ్మ కడుపు మాడ" అని ఇస్పేటు రాణిని చాప మీద ఫట్టున కొట్టి, డబ్బుల కోసం ఎడం చెయ్యి చాపాడు.